ఎస్తేర్ ఆంటీని పాపం నుంచి కాపాడిన శనివారం

ఒక పెద్దావిడ ఇంట్లో పద్దెనిమిది మంది అతిథులు వేసుకున్న కోట్లు విప్పకుండా కూర్చుని, గడ్డకట్టిన కూరను చెంచాలతో తవ్వుకుని తినేలా చేయడం ఎలాగో మీకు నేర్చుకోవాలనుంటే నన్ను అడగండి. ఆ విద్యలో హామిల్టన్ మొత్తం మీద నాకు సాటి లేరు. పైగా నేను ఆ పని నిర్లక్ష్యంతో చేయలేదు, బద్ధకంతో అంతకన్నా చేయలేదు. పూర్తి భక్తితో, చేతులు సబ్బుతో కడుక్కుని, మనసులో చిన్న ప్రార్థన కూడా చేసుకుని మరీ చేశాను.

నా పేరు కరుణ. మాది చీరాల. ఆక్లాండ్‌కు దగ్గర్లో ఉన్న ఈ హామిల్టన్‌లో ఏడేళ్లుగా కేర్‌గివర్ పని చేస్తున్నాను. అంటే పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, టిఫిన్ పెట్టడం, కాసేపు కబుర్లు చెప్పి రావడం. ఈ సంగతి జరిగేనాటికి నాకు రెండు దురలవాట్లు ఉండేవి. మొదటిది, లైటుగానీ పొయ్యిగానీ ఊరికే వెలుగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోవడం. అది మా నాన్న పెంపకం. మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న మనిషి సగం లేచేసరికే ఫ్యాను ఆగిపోయేది. రెండోది, సండే స్కూల్లో వరసగా ఆరేళ్లు ఫస్ట్ ప్రైజు తెచ్చుకోవడం. ప్రైజు తెచ్చుకోవడం దురలవాటు ఎలా అవుతుందంటారా? కాస్త ఓపిక పట్టండి, మీకే తెలుస్తుంది.

ఎస్తేర్ ఆంటీకి ఎనభై ఆరేళ్లు. వాకర్ పట్టుకుని నడుస్తారు. మొదటి రోజు ఆవిడ పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కూతురి పేరు రూత్. రెండిళ్ల అవతల ఉండే స్నేహితుడి పేరు శామ్యూల్. చీరాలలో మా చర్చి హాజరుపట్టీ ఎవరో ఇక్కడికి మోసుకొచ్చినట్టు అనిపించింది.

"మీరు ఏ చర్చికి వెళ్తారాంటీ?" అని అడిగాను.

"మేము యూదులం అమ్మా" అన్నారు ఆవిడ. "ఉట్టి ఎస్తేర్ అను చాలు. ఈ ఆంటీ ఏమిటి?"

"అమ్మో, అంత పెద్దవారిని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ ఫోన్లోంచే కొడుతుందాంటీ."

వాళ్లంతా మాట్లాడేది ఇంగ్లీషే. కానీ నా చెవులు దాన్ని చీరాల తెలుగులోకి దించుకునే వింటాయి కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను. సరే, యూదులు అనగానే నా సంతోషం చూడాలి. సండే స్కూల్ చార్టుల మీది రంగు బొమ్మల్లో వాళ్లను నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఒక్క యూదు మనిషినీ కళ్లతో చూడకుండానే వాళ్ల ఆచారాల మీద ఆరు ప్రైజులు కొట్టినదాన్ని. ఆవిడకేమైనా సందేహం వస్తే తీర్చడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

నేను వెళ్లేది సోమవారం, బుధవారం. బొత్తాలు పెడుతున్నప్పుడు, జుట్టు దువ్వుతున్నప్పుడు ఆవిడ చెప్పిన మాటల్లో నాకు అర్థమైంది ఇది. హామిల్టన్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో కలిపి వాళ్లు బాగా కొద్దిమంది. తమదంటూ ఒక ప్రార్థనా మందిరం కూడా లేదు. నెలకోసారి శనివారం మధ్యాహ్నం అందరూ ఎస్తేర్ ఆంటీ ఇంట్లో చేరి భోజనం చేస్తారు. ముప్పై ఏళ్లుగా అదే ఇల్లు, అదే బల్ల, అదే కూర. బీన్స్, బార్లీ, బంగాళదుంపలు, మాంసం వేసి శుక్రవారం పొద్దు గూకకముందే హాట్‌ప్లేట్ మీద పెడతారట. దాన్ని చోలెంట్ అంటారు. అది ఆవిడ వాళ్లమ్మ వంట.

కిందటేడు ఆంటీ బాత్రూంలో పడ్డారు. అప్పటి నుంచి ఆక్లాండ్‌లో ఉండే రూత్‌కు కంగారు. అమ్మకు మతిమరుపు కూడా మొదలైందని ఆమె అనుమానం. చివరికి తల్లీకూతుళ్ల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఈ నెల భోజనానికి రూత్ స్వయంగా వచ్చి చూస్తుంది. అంతా సవ్యంగా జరిగితే సరే. లేకపోతే ఇకమీదట భోజనాలు ఎక్కడో హాలు అద్దెకు తీసుకుని పెట్టుకుంటారు, ఆంటీ ఇల్లు ఖాళీ చేసి ఆక్లాండ్ వెళ్లిపోతారు.

"హాల్లో అయితే తినేసి ఎవరి దారిన వాళ్లు పోతారు కరుణా" అన్నారు ఆంటీ ఆ బుధవారం. "ఇక్కడైతే సాయంత్రం దాకా కదలరు. గిన్నెలు కడుగుతూ పోట్లాడుకుంటారు. అది నాకు కావాలి."

"ఏం కాదాంటీ, బ్రహ్మాండంగా జరుగుతుంది" అని నేనే ధైర్యం చెప్పాను. ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా నెత్తిన నేనే మొట్టుకుంటాను.

ఆంటీ నియమాలు గట్టివి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా నిప్పు వెలిగించరు, స్విచ్ నొక్కరు, కారు ఎక్కరు. మిగతావాళ్లు ఎవరి వీలును బట్టి వాళ్లు పాటిస్తారు. టౌరంగా నుంచి గంటన్నర డ్రైవ్ చేసుకుని వచ్చే ఒక జంట ఉంది. వాళ్లు ఆంటీకి కనపడకుండా కారు పక్క వీధిలో ఆపి, అక్కడి నుంచి కాలినడకన వచ్చినట్టు వస్తారు. ఆంటీకి అది తెలుసు. "పక్క వీధిలో శనివారాలు పార్కింగే దొరకదట, పాపం" అంటారు మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఆ భోజనాల శనివారం ఆంటీ దగ్గరికి డ్యూటీకి రావలసిన ఇంకో అమ్మాయి ఎవరిదో పెళ్లికి వెళ్లడంతో మా మేనేజర్ నన్ను వెళ్లమంది. పొద్దున ఎనిమిదింటికి వెళ్లాను, మధ్యాహ్నం రెండింటి దాకా ఉండాలి. బయట గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఆంటీ ఇంకా నిద్ర లేవలేదు. వంటింట్లో అడుగు పెట్టి గుమ్మంలోనే ఆగిపోయాను. లైటు వెలుగుతోంది. హాట్‌ప్లేట్ వెలుగుతోంది. దాని మీద పెద్ద గిన్నె సన్నగా కుతకుతమంటోంది. నడవాలోకి వెళ్లి చూస్తే టాయిలెట్లో కూడా లైటు.

ఇప్పుడు నా ఆరు ప్రైజుల బుర్ర ఎలా పనిచేసిందో చూడండి. ఈరోజు విశ్రాంతి దినం. విశ్రాంతి దినాన ఇంట్లో నిప్పు ఉండకూడదు. పాపం పెద్దావిడ, రాత్రి ఆపడం మరిచిపోయి పడుకున్నారు. తెలిసి చేసే మనిషి కాదు. లేచి చూసుకుంటే కుమిలిపోతారు. పైగా పద్దెనిమిది మంది వచ్చి చూస్తే ఎంత నామోషీ. ఆవిడను ఈ పాపం నుంచి బయటపడేయడానికే ఆ అమ్మాయికి పెళ్లి పిలుపు వచ్చిందనీ, ఇక్కడికి నన్ను పంపడంలో దేవుడి ఉద్దేశం ఇదేననీ నాకు రూఢిగా అనిపించింది.

అన్నీ ఆపేశాను. వంటింటి లైటు, టాయిలెట్ లైటు, హాట్‌ప్లేట్. హాల్లో హీట్ పంప్ మీదికి కూడా చెయ్యి వెళ్లింది గానీ, ఎనభై ఆరేళ్ల మనిషి చలికి తట్టుకోలేరని దాన్ని వదిలేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. రాత్రంతా బయట ఉన్న వంటకం త్వరగా చల్లార్చాలని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ గిన్నె ఫ్రిజ్‌లో పట్టదు. అందుకని దాన్ని తువ్వాలుతో పట్టుకుని మోసుకెళ్లి వెనక మెట్ల మీద, మంచులో పెట్టాను. మోసేటప్పుడు బొటనవేలు చురుక్కున కాలింది. మంచి పనికి ఆ మాత్రం కష్టం ఉంటుందిలే అనుకున్నాను.

ఆంటీ లేచి, తన గదిలోని బాత్రూంలోనే మొహం కడుక్కుని, మంచి గౌను వేసుకుని హాల్లో కుర్చీలో కూర్చుని ప్రార్థన పుస్తకం తెరిచారు. బల్ల ముందు రోజే సర్ది ఉంది కాబట్టి వంటింటి వైపు వెళ్లే పనే లేదు. పదింటికి ఒకసారి తల పైకెత్తి ముక్కు ఎగబీల్చారు.

"కరుణా, కూర వాసన రావడం లేదేమిటి?"

"జలుబు చేసిందేమో ఆంటీ, ఈ చలికి."

పదకొండింటికి మళ్లీ అడిగారు. నేను మళ్లీ జలుబు మీదికే తోసి, అల్లం టీ ఇచ్చేదాన్నే గానీ ఈరోజు నీళ్లు కాచకూడదు కదా అని ఆవిడకు గుర్తు చేశాను. ఆవిడ నా వైపు కొంచెం వింతగా చూశారు. నా పరిజ్ఞానానికి మెచ్చుకుంటున్నారనుకున్నాను.

అతిథులు వచ్చే ముందు గిన్నెను లోపలికి తెచ్చి, ఆరిపోయిన హాట్‌ప్లేట్ మీద దాని చోట దాన్ని పెట్టేశాను. మూత తీసి చూస్తే కొవ్వంతా పైకి తేలి తెల్లగా, కరిగించి పోసిన కొవ్వొత్తిలా గడ్డకట్టింది. విశ్రాంతి దినాన వీళ్లు చల్లటి కూర తింటారు కాబోలు, ఎంత నిష్ఠో అనుకుని మూత పెట్టాను.

పన్నెండున్నరకల్లా ఇల్లు నిండింది. ముందుగా వచ్చినవారు శామ్యూల్ అంకుల్. ఎనభై రెండేళ్లు, నియమాల్లో ఆంటీకి ఏమాత్రం తీసిపోరు. కోటు విప్పకుండానే టాయిలెట్ వైపు వెళ్లి, తలుపు తీసి చూసి, వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయీ, అక్కడ బాగా చీకటిగా ఉంది."

"అవునంకుల్, కిటికీ లేదు కదా."

ఆయన టాయిలెట్ తలుపు వైపు మళ్లీ చూశారు. "నా వయసు మనిషికి చీకట్లో కాస్త కష్టమే."

"నిజమే అంకుల్. ఈ వయసులో చూపు కూడా తగ్గుతుంది."

"లైటు ఉంటే మనిషికి ఎంత హాయి."

"చాలా హాయి అంకుల్" అని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. పెద్దాయన తత్వం మాట్లాడుతున్నారనుకున్నాను. ఆయన మాత్రం ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ అక్కడే నిలబడ్డారు.

అప్పుడే లోపలికి వచ్చిన రూత్ ఈ సంభాషణ విని నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ఈరోజు లైటు వేయమని ఆయన పరాయివాళ్లను కూడా అడగకూడదమ్మా. అడగకుండా చెప్పాలని తంటాలు పడుతున్నారు. అసలు ఆ లైటు శుక్రవారం వెలిగించింది వెలిగించినట్టే ఉండాలి."

"ఉండొచ్చా?" అన్నాను.

"ఎందుకు ఉండకూడదు? ఈరోజు కొత్తగా వెలిగించడమే తప్పు. ముందే వెలిగించింది వెలుగుతూ ఉంటే తప్పేముంది? అన్నీ అలాగే చేసుకుంటాం, వంటతో సహా" అని, గొంతు తగ్గించి, "అమ్మ మర్చిపోయి ఆపేసినట్టుంది. నేను భయపడింది ఇదే" అంది.

నేను పరుగున వెళ్లి టాయిలెట్ లైటు వేశాను. శామ్యూల్ అంకుల్ నాకు దణ్ణం పెట్టినంత పని చేసి లోపలికి వెళ్లారు. నడవాలో నిలబడ్డ నాకు మాత్రం అప్పుడు వెలిగింది. వంటతో సహా అంది కదా. వెనక్కి తిరిగేసరికి రూత్ అప్పటికే వంటింట్లోకి వెళ్లింది. గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది.

"అమ్మా" అని పిలిచింది రూత్. ఆంటీ వాకర్ తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. వెనకాల అతిథులు కూడా మూగారు. "పొయ్యి ఆరిపోయి ఉందమ్మా. కూర మంచులా ఉంది. రాత్రి నువ్వే ఆపేసి ఉంటావు."

"నేను వెలిగించాను" అన్నారు ఆంటీ.

"వెలిగించి, పడుకునే ముందు అలవాటు కొద్దీ ఆపేసి ఉంటావు. లైట్లు కూడా ఆపేశావు."

ఆంటీ గిన్నె వైపు చూశారు, పొయ్యి వైపు చూశారు. "ఏమో మరి" అన్నారు మెల్లగా. "ఆపినట్టు నాకు గుర్తులేదు రూత్. గుర్తులేదు."

గుర్తు ఎలా ఉంటుంది, ఆవిడ ఆపితే కదా. అది తెలిసిన మనిషిని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. నోరు విప్పాల్సిన క్షణం అదే. నేనేం చేశానో చెప్పమంటారా? బల్ల మీద చెంచాలు సర్దాను. సర్దిన చెంచాలనే మళ్లీ సర్దాను. మా మేనేజర్ మొహం, కంప్లయింటు కాగితం, ఉద్యోగం అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఇంతలో రూత్ తల్లి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అమ్మా, వచ్చే నెల నుంచి హాలు చూద్దాం. నీకూ ఈ శ్రమ తప్పుతుంది" అంది. ఆంటీ కాదనలేదు. అంత మొండి మనిషి తల ఊపి ఊరుకున్నారు. ఆ తల ఊపడం చూశాక సిగ్గేసి, చెంచాలు కింద పెట్టేశాను.

"నేనే ఆపానండి" అన్నాను.

పద్దెనిమిది మందీ నా వైపు తిరిగారు.

"ఏమిటి?" అంది రూత్.

"పొయ్యి. పొద్దున వచ్చి నేనే ఆపాను. లైట్లూ నేనే ఆపాను. గిన్నె తీసుకెళ్లి వెనక మెట్ల మీద పెట్టిందీ నేనే. ఆంటీ తప్పేమీ లేదండి."

"కానీ ఎందుకు?"

"పాపం కదా అని."

"ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదండి. మీ అమ్మగారికి పాపం చుట్టుకుంటుందని. ఇవాళ నిప్పు ఉండకూడదు కదా. మా సండే స్కూల్లో చెప్పారు."

శామ్యూల్ అంకుల్ గొంతు సవరించుకున్నారు. ఆంటీ మాత్రం వాకర్ తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, కోర్టులో వకీలు అడిగినట్టు నిదానంగా అడగడం మొదలుపెట్టారు.

"నువ్వు వచ్చేసరికి పొయ్యి వెలుగుతోందా?"

"వెలుగుతోందాంటీ."

"కూర వేడిగా ఉందా?"

"కుతకుతమంటోందాంటీ. చెయ్యి కూడా కాలింది." బొటనవేలు చూపించాను. శామ్యూల్ అంకుల్ కళ్లజోడు పెట్టుకుని ఆ పొక్కును పరీక్షగా చూసి, "కాలింది. కొత్తదే" అని తేల్చారు.

"విన్నావా రూత్?" అన్నారు ఆంటీ. ఆవిడ నడుము నిటారుగా అయింది. "వెలిగించాను. రాత్రంతా వెలిగింది. నా బుర్ర సరిగ్గానే ఉంది. చెడిపోయింది కూర ఒక్కటే."

ముందుగా నవ్వింది రూత్. గిన్నె మూత చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత ఇల్లంతా నవ్వింది. టౌరంగా జంట ఎత్తుకున్న పసిపాప కూడా, విషయం తెలియకపోయినా, కేరింతలు కొట్టింది. నేను ఒక్కదాన్నే నవ్వలేదు. ఏడ్చాను.

"ఇప్పుడే ఆన్ చేసి వేడి చేస్తానాంటీ" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"వద్దు. లైటు సంగతి వేరు, నా కోసం ఇవాళ వేడి చేసిన వంట నేను ముట్టను. చల్లగానే తింటాం. నువ్వు కూర్చో."

"నేను వడ్డిస్తాను."

"కరుణా, ఈ ఇంట్లో ఇవాళ నువ్వు ఏది ముట్టుకున్నా నాకు భయంగా ఉంది. కూర్చో."

కూర్చోబెట్టారు. వంటిల్లు చల్లగా ఉండటంతో, మనుషులు ఎక్కువై బల్ల అక్కడి దాకా సాగడంతో, పద్దెనిమిది మందీ కోట్లు వేసుకునే తిన్నారు. రొట్టె తుంచి తలా ఒక ముక్క ఇచ్చి, ఏదో పాట పాడారు. శామ్యూల్ అంకుల్‌కు రాగం రాదు, అయినా అందరికన్నా గట్టిగా పాడారు. "ఈ కూర మాడినప్పుడు తిన్నాను, బీన్స్ లేనప్పుడు తిన్నాను, ముక్కలు కోసుకుని తినడం మాత్రం ఇదే మొదటిసారి" అన్నారాయన. సాయంత్రం నాలుగు దాటినా ఎవరూ కదల్లేదు. నా డ్యూటీ రెండింటికే అయిపోయింది, నేనూ కదల్లేదు. చల్లటి నీళ్లతో గిన్నెలు కడుగుతూ, ఉతికిన తువ్వాళ్లు ఎక్కడుంటాయన్న దాని మీద నిజంగానే పోట్లాడుకున్నారు.

మా తెలుగు ఫెలోషిప్ ప్రార్థనలు కూడా ఆదివారాలు ఒక స్కూలు హాల్లో జరుగుతాయి. ఏడేళ్లుగా నేను అక్కడ వంటగదిలోనే ఉన్నాను, బిర్యానీ గిన్నె పక్కన. పాట ఏ చరణంలో ఉందో గోడ అవతల నుంచి విని తెలుసుకుంటాను. పని చేయకుండా మనుషుల మధ్య కూర్చోవడం నాకు చేతకాదని ఆ శనివారమే తెలిసింది. ఆ పద్దెనిమిది మందికి ఇంత దూరంలో ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. కూర వేడిగా ఉందా లేదా అనేది వాళ్లకు చివరి సంగతి. వరసగా ఆరేళ్లు విశ్రాంతి దినం గురించి బట్టీ పట్టిన నేను, ఒక్క రోజు విశ్రాంతిగా కూర్చోవడం వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. మరుసటి ఆదివారం బిర్యానీ గరిటె వేరొకరి చేతిలో పెట్టి వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. ఆ రోజు బిర్యానీ అడుగంటింది. ఎవరూ చావలేదు.

హాలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి నెల కూడా భోజనాలు ఆంటీ ఇంట్లోనే జరిగాయి. ఈసారి నేను డ్యూటీ మీద కాదు, అతిథిగా వెళ్లాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గుమ్మంలోకి అడుగుపెట్టాను. కూర పొగలు కక్కుతోంది. అందరూ ఆవురావురుమంటూ మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నారు. పెట్టుకుని, ఆగిపోయారు.

అందులో ఉప్పు లేదు. చిటికెడు కూడా లేదు.

రూత్ చెంచా కింద పెట్టింది. "అమ్మా, ఉప్పు?"

ఆంటీ మొహంలో ఆ రోజు వంటింటి గుమ్మంలో చూసిన బెదురు మళ్లీ కనిపించింది. అది అక్కడ ఒక్క క్షణం కూడా నిలవకూడదనిపించింది. కిందటిసారిలా చెంచాలు సర్దుతూ కూర్చోలేదు నేను.

"నేనేనండి. ఉప్పు వేయడం నేనే మర్చిపోయాను" అన్నాను.

రూత్ నన్ను ఎగాదిగా చూసింది. "వంట నిన్న కదా జరిగింది? నిన్న నువ్వు ఈ ఇంటికే రాలేదు."

"రాలేదండి. అందుకే మర్చిపోయాను."

రూత్ కాసేపు నా వైపు, కాసేపు తల్లి వైపు చూసింది. తర్వాత లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, "ఈ కరుణతో వేగలేకపోతున్నాం అమ్మా" అంది. ఆంటీ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో కనపడకుండా పోయిన కళ్లజోడు, తప్పు రోజున తీసుకున్న డాక్టరు అపాయింట్‌మెంటు, ఫ్రిజ్‌లో దొరికిన తాళాలు అన్నీ నా నిర్వాకమే. ఆవిడకు హాని జరిగే సంగతులైతే దాచకుండా నర్సుకు చెబుతాను. మిగతావన్నీ నేనే చేశాను.

కాబట్టి దేవుని ఎదుట, శామ్యూల్ అంకుల్ ఎదుట, మీ అందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి ఆత్మను రక్షించడానికైనా సరే, నా ఊపిరి ఉన్నంతవరకు వెలుగుతున్న ఏ ఇంటి పొయ్యినీ ఆపను. ఉప్పు విషయంలో మాత్రం ఏ ప్రమాణమూ చేయలేను.